ఉద్యోగం పోయిన మరునాటి నుంచి: హెచ్‌-1బీ ఉద్యోగులకు 60 రోజుల మార్గదర్శి

ఉదయం లేచి లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డు పనిచేయదు. సొంత ఈమెయిలుకు ఒక సందేశం వచ్చి ఉంటుంది, పావుగంట వీడియో సమావేశానికి రమ్మని. అది ముగిసేసరికి మీరు ఆ సంస్థ ఉద్యోగి కారు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. 2023 జనవరిలో గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000, అమెజాన్ 18,000 పైచిలుకు ఉద్యోగాల కోతను ప్రకటించాయి. 2025 అక్టోబరులో అమెజాన్ మరో 14,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు చెప్పింది. హెచ్‌-1బీ అంటే నిపుణులైన విదేశీయులకు అమెరికా ఇచ్చే తాత్కాలిక పని వీసా. దానికోసం కంపెనీ ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తే పిటిషన్. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదం పొందిన హెచ్‌-1బీ పిటిషన్లలో 71 శాతం భారతదేశంలో పుట్టినవారివే. కాబట్టి ఏ పెద్ద కోత వార్త వచ్చినా ఆ దెబ్బ మన ఇళ్లకూ తగులుతుంది.

పక్క కుర్చీలోని అమెరికన్ సహోద్యోగికి ఇది జీతం సమస్య. హెచ్‌-1బీ మీద ఉన్నవారికి జీతంతోపాటు ఇంటి అద్దె ఒప్పందం, పిల్లల బడి, భార్య లేదా భర్త వీసా, ఏళ్లుగా కదలని గ్రీన్‌కార్డు వరుస అన్నీ ఒక్కసారే కదులుతాయి. నా ఉద్యోగం పోయినప్పుడు మొదటి 9 రోజులు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే చులకన అవుతానేమోనని సంకోచించాను. ఆ 9 రోజులు పోయినవే, మళ్లీ రాలేదు. అందుకే ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముందు లెక్క చెబుతున్నాను. చట్టం ఇచ్చింది 60 రోజులు. మీ చేతిలో నిజంగా ఉన్నవి 40.

ఇక్కడ రాసింది నిబంధనల సారాంశం. మీ కేసు కాగితాలు చూసిన ఇమ్మిగ్రేషన్ లాయరు మాటకు ఇది ప్రత్యామ్నాయం కాదు. మొదటి వారంలోనే సొంత డబ్బుతో ఒక లాయరును గంటసేపు సంప్రదించండి. కంపెనీ లాయరు ఎంత మంచివారైనా మీ ప్రయోజనాల తరఫున మాట్లాడటం ఆయన పని కాదు.

మొదటి అడుగు: గోడ మీద తేదీ రాయండి

2017 జనవరి 17న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం హెచ్‌-1బీ ఉద్యోగికి పని ఆగిపోయాక వరుసగా 60 రోజుల వరకు గ్రేస్ పీరియడ్, అంటే దేశంలో ఉండనిచ్చే గడువు, ఉంటుంది. అంతకుముందు ఇలాంటి గడువే లేదు. 2001లో డాట్‌కామ్ సంస్థలు కూలినప్పుడు, 2008 మాంద్యంలో ఉద్యోగాలు పోయినవారు మరునాడే హోదా, అంటే దేశంలో ఉండే చట్టబద్ధ అనుమతి, పోయినట్టు లెక్కలోకి వచ్చేవారు. ఆ బాధ చూసినవారికి ఈ 60 రోజుల విలువ తెలుసు. ఎల్‌-1, ఓ-1, టీఎన్ వంటి వీసాలవారికీ ఇదే నిబంధన వర్తిస్తుంది. అయితే ఎల్‌-1 అంటే అదే సంస్థ విదేశీ శాఖ నుంచి బదిలీపై వచ్చేవారి వీసా కాబట్టి, వారికి యజమానిని మార్చుకునే సౌకర్యం లేదు. వారు వేరే హోదాకు మారవలసిందే.

60 రోజులు ఎప్పుడు మొదలవుతాయన్నది చాలామంది తప్పుగా లెక్కించే విషయం. మామూలుగా జీతం లెక్కకట్టిన చివరి రోజు మరునాటి నుంచి మొదలవుతాయి. కంపెనీ ఇచ్చే పరిహారం, అంటే సెవరెన్స్, మూడు నెలల జీతానికి సమానమైనా ఈ గడువు ఒక్క రోజు కూడా పెరగదు. ఆ డబ్బు మీరు చేసిన పనికి కాదు, మీరు వెళ్లిపోతున్నందుకు ఇచ్చేది.

రెండో విషయం మరింత ముఖ్యం. 60 రోజులు, లేదా మీరు దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే ప్రవేశ రికార్డు ఐ-94 ముగిసే తేదీ, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అదే మీ గడువు. ఐ-94 తేదీ కొన్నిసార్లు పాస్‌పోర్టు గడువుతోనే ఆగిపోతుంది. విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టు చూసి ఆ తేదీ వేసి ఉంటే, మీ ఐ-797 ఆమోదపత్రంలో మరో ఏడాది ఉన్నా ప్రయోజనం లేకపోవచ్చు. సరిహద్దు రక్షణ శాఖ వెబ్‌సైటులో ఐ-94 తాజా ప్రతి ఈరోజే దించుకుని చూడండి.

మూడోది: ఈ గ్రేస్ పీరియడ్ ఒక్కో ఆమోదిత కాలానికి ఒక్కసారే. పైగా దాన్ని పూర్తిగా గుర్తించడమా, తగ్గించడమా అన్నది ప్రభుత్వ విచక్షణ. ఈ కాలంలో పని చేయకూడదు. ఎవరికో చిన్న ప్రాజెక్టు చేసిపెట్టి డబ్బు తీసుకోవడమూ పని కిందికే వస్తుంది.

ఇప్పుడు 40 లెక్క. జీతం చివరి రోజు మార్చి 2, సోమవారం అనుకుందాం. 1వ రోజు మార్చి 3. 60వ రోజు మే 1, శుక్రవారం. ఆలోగా కొత్త కంపెనీ మీ పేరిట వేసే ఐ-129 పిటిషన్ పౌరసత్వ, వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు చేరి ఉండాలి. తపాలా పెట్టెలో పడటం చాలదు, అక్కడికి అందాలి. పిటిషన్ వేయాలంటే ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ ధ్రువీకరణ రావాలి. ఎల్‌సీఏ అంటే ఆ పనికి ప్రామాణిక వేతనం ఇస్తానని యజమాని ఇచ్చే హామీ పత్రం. దానికి 7 పనిదినాలు పడుతుంది. ఏప్రిల్ 13న దరఖాస్తు చేస్తే 22న వస్తుంది. సంతకాలు, కొరియరు అయ్యి పిటిషన్ 27న చేరుతుంది. అంటే ఆఫర్ లెటరు, కాగితాలు ఏప్రిల్ 10 నాటికే లాయరు చేతిలో ఉండాలి. అది 39వ రోజు. కొత్త కంపెనీ చిన్నదై, మొదటిసారి హెచ్‌-1బీ వేస్తుంటే దాని పన్ను గుర్తింపు సంఖ్యను కార్మిక శాఖ పరిశీలించడానికి మరికొన్ని రోజులు అదనం.

60వ రోజుకు ఎర్ర గుర్తు, 40వ రోజుకు నల్ల గుర్తు పెట్టండి. రోజూ చూడాల్సింది నల్ల గుర్తునే.

రెండో అడుగు: తలుపులు మూసుకునేలోపు కాగితాలు

ఉద్యోగం ఇంకా ఉన్నవారు కూడా ఈ భాగం ఈరోజే చేయాలి. కోత ప్రకటించాక కంపెనీ కంప్యూటర్‌లోకి వెళ్లనివ్వరు. మీ సొంత ఖాతాలో ఉండాల్సినవి ఇవి: ఇప్పటివరకు వచ్చిన ఐ-797లు అన్నీ, చివరి నాలుగు నెలల జీతం స్లిప్పులు, అన్ని సంవత్సరాల డబ్ల్యూ-2లు (యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రాలు), ఎల్‌సీఏ ప్రతి, ఆఫర్ లెటరు, డిగ్రీలు, వాటి మూల్యాంకన పత్రం. గ్రీన్‌కార్డు ప్రక్రియ మొదలై ఉంటే పెర్మ్ (గ్రీన్‌కార్డు కోసం యజమాని ముందుగా కార్మిక శాఖకు పెట్టేది) దరఖాస్తు ప్రతి, ఐ-140 (ఆ తర్వాత యజమాని వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) రసీదు సంఖ్య, దొరికితే ఆమోదపత్రం. కంపెనీ ఐ-140 ప్రతి ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ద్వారా యూఎస్‌సీఐఎస్‌ను అడగవచ్చు. సమయం పడుతుంది కానీ ఉచితం.

ఇవి మీ సొంత కాగితాలు. కంపెనీ కోడు, అంతర్గత పత్రాలు మాత్రం ఒక్కటీ తీసుకోకండి. వెళ్లే రోజు ఆవేశంలో అలాంటి పని చేస్తే మిగతా అన్నిటికన్నా పెద్ద చిక్కు వస్తుంది.

చాలామంది మరిచిపోయేది అనుభవ ధ్రువపత్రం. రేపు మరో కంపెనీ మీకోసం పెర్మ్ వేసేటప్పుడు, ఈ కంపెనీలో మీరు ఏ సాంకేతికతల మీద ఎన్నేళ్లు పనిచేశారో వివరంగా రాసిన లేఖ కావాలి. మానవ వనరుల విభాగం తేదీలు, పదవి పేరు మాత్రమే రాసి ఇస్తుంది. మీ మేనేజరునో, కలిసి పనిచేసిన సీనియరునో ఇప్పుడే వివరమైన లేఖ అడగండి. నాలుగేళ్ల తర్వాత వారు ఎక్కడ ఉంటారో తెలియదు.

మూడో అడుగు: సంతకానికి ముందు అడగాల్సినవి

పరిహారం తీసుకుని కంపెనీ మీద దావా వేయనని రాసిచ్చే విడుదల ఒప్పందం మీద ఆ రోజే సంతకం పెట్టమని ఎవరైనా తొందరపెట్టినా పెట్టకండి. 40 ఏళ్లు దాటినవారికి సామూహిక తొలగింపులో ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు చట్టమే ఇస్తుంది. చిన్నవారికి ఆ హక్కు లేకపోయినా, చాలా కంపెనీలు కొన్ని రోజుల సమయం ఇస్తాయి.

ఈ సమయంలో అడగాల్సిన ఒకే ఒక్క పెద్ద కోరిక ఉంది: పరిహారాన్ని ఒకేసారి ఇవ్వకుండా నన్ను మరో నెల లేదా రెండు నెలలు జీతాల పట్టికలోనే ఉంచగలరా? మొత్తం అదే, కంపెనీకి అదనపు ఖర్చు దాదాపు లేదు. మీకు మాత్రం గ్రేస్ పీరియడ్ ఆ మేరకు ఆలస్యంగా మొదలయ్యే అవకాశం దక్కుతుంది. పని చేయించకుండా జీతం ఇచ్చే ఇలాంటి కాలాన్ని ప్రభుత్వం ఎలా చూస్తుందన్నది కేసును బట్టి మారవచ్చు కాబట్టి లాయరును అడిగి, ఉద్యోగం ముగిసే తేదీ లేఖలో స్పష్టంగా రాయించుకోండి. అడిగినవారందరికీ దొరకదు. అడగనివారికి ఎప్పుడూ దొరకదు.

100 మందికి పైగా ఉద్యోగులున్న సంస్థలు సామూహికంగా తొలగించేటప్పుడు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1988 నాటి వార్న్ చట్టం చెబుతుంది. ఆ చట్టం వర్తించే చోట కంపెనీలు చాలాసార్లు నోటీసు కాలమంతా జీతం ఇస్తూ ఉద్యోగిగానే ఉంచుతాయి. మీ లేఖలో రెండు తేదీలు ఉంటే, అంటే పని ఆగే తేదీ వేరు, ఉద్యోగం ముగిసే తేదీ వేరు అయితే, కారణం సాధారణంగా ఇదే.

మరో రెండు చిన్న విషయాలు. ఆమోదిత కాలం ముగియకముందే తొలగిస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు యజమాని భరించాలి. అది ఉద్యోగికి మాత్రమే, కుటుంబానికి కాదు. ఇక, మీ ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు ఇంకా కాలేదంటే, దాన్ని వెనక్కి తీసుకోవద్దని మర్యాదగా, రాతపూర్వకంగా కోరండి.

నాలుగో అడుగు: మందగించిన మార్కెట్‌లో వెతకడం

మంచి రోజుల్లో పనిచేసిన పద్ధతి ఇప్పుడు పనిచేయదు. అప్పుడు రిక్రూటర్లే వెంటపడేవారు. ఇప్పుడు ఒక ఖాళీ ప్రకటిస్తే గంటల్లో వందల దరఖాస్తులు పడతాయి. రోజుకు 80 చోట్ల బటను నొక్కి అలసిపోయేవారిని చూశాను. 40 రోజుల్లో ఆఫర్ కావాలనుకునేవారికి అది దారి కాదు. తెలిసినవారి ద్వారా వెళ్లిన 15 దరఖాస్తులు వాటికన్నా మేలు. అందుకే మొదటి రోజే చెప్పాలి. పాత మేనేజర్లకు, మూడు కంపెనీల క్రితం కలిసి పనిచేసినవారికి, కాలేజీ మిత్రులకు, అందరికీ ఒకే చిన్న సందేశం: ఏ పని చేయగలనో, ఏ తేదీలోగా ఆఫర్ కావాలో, రెండే వాక్యాలు. చెప్పుకోవడంలో తక్కువతనం ఏమీ లేదు. మీలాగే ఆ పరిస్థితి దాటినవారే ముందుగా స్పందిస్తారు.

వీసా అనే మాట వినగానే రిక్రూటరు వెనకడుగు వేస్తాడు. అతని భయం చాలావరకు తప్పు అవగాహన వల్ల వస్తుంది. లాటరీ, 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల రుసుము, ఈ రెండే అతని మనసులో ఉంటాయి. లాటరీ అంటే ఏటా పరిమిత సంఖ్యలో ఇచ్చే కొత్త వీసాలకు జరిగే ఎంపిక. మీరు ఇప్పటికే వార్షిక పరిమితిలో లెక్కకు వచ్చినవారు కాబట్టి, ఈ వీసాకు ఉన్న ఆరేళ్ల గరిష్ఠ కాలంలో మిగిలినదానికి లాటరీ అక్కర్లేదు. దేశంలోనే హోదాతో ఉన్నవారి యజమాని మార్పుకు లక్ష డాలర్ల రుసుము వర్తించదని యూఎస్‌సీఐఎస్ 2025 అక్టోబరు 20న వివరణ ఇచ్చింది. కాబట్టి స్పాన్సర్‌షిప్ కావాలా అన్న ప్రశ్నకు నిజమే చెప్పండి, కానీ ‘అవును’ అని ఆగిపోకండి. ‘ఇది బదిలీ మాత్రమే. లాటరీ లేదు, లక్ష డాలర్ల రుసుము లేదు. ఫలానా తేదీకి పిటిషన్ చేరితే ఆ వెంటనే చేరగలను’ అని వరుసగా చెప్పండి. ఈ మాటలు అద్దం ముందు పదిసార్లు పలికి చూసుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు.

ఎక్కడ వెతకాలన్నది కూడా ఆలోచించాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ ఒకేసారి కోత పెట్టినప్పుడు ఆసుపత్రులు, బీమా, విద్యుత్తు సంస్థలు, రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టులు అదే వేగంతో కోత పెట్టవు. వాటి డేటాబేసులు, చెల్లింపు వ్యవస్థలు నడవాలి కదా. విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని ఆసుపత్రులు, పరిశోధనా సంస్థలు వార్షిక పరిమితి పరిధిలోకే రావు. జీతం తక్కువ, ఎంపిక నిదానం. అయినా మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టి ఉంచితే మంచిది.

పార్ట్‌టైమ్ హెచ్‌-1బీ కూడా చట్టబద్ధమే. వారానికి 25 గంటల నిజమైన పని ఇచ్చే చిన్న సంస్థ, పూర్తి ఉద్యోగం ఇస్తానని నెలల తరబడి తిప్పే పెద్ద సంస్థకన్నా మేలు. జీతం విషయంలో నా అభిప్రాయం కచ్చితంగా ఉంది: 20 శాతం తక్కువైనా 35వ రోజున చేతికందిన ఆఫర్‌ను వదలకండి. ఒకసారి పని మొదలయ్యాక మళ్లీ వెతుక్కోవచ్చు. అది ఎంత తక్కువైనా ఆ పనికి ఆ ప్రాంతంలో ఉండే ప్రామాణిక వేతనానికి తగ్గకూడదని ఎల్‌సీఏ నిబంధన ఎలాగూ ఉంది.

ఐదో అడుగు: పిటిషన్ వారం

ఆఫర్ వచ్చిన రోజే లాయరుకు మీ కాగితాల కట్ట వెళ్లాలి. అడిగినప్పుడు ఒక్కొక్కటిగా పంపితే నాలుగు రోజులు పోతాయి. పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కు చేరిన తర్వాత ఆమోదం కోసం ఆగకుండా పనిలో చేరవచ్చు. 2000 సంవత్సరపు ఏసీ21 చట్టం ఇచ్చిన సౌకర్యం ఇది. కొన్ని కంపెనీలు రసీదు చేతికి వచ్చేవరకు ఆగమంటాయి. 15 పనిదినాల్లో నిర్ణయం వచ్చే ప్రీమియం ప్రాసెసింగ్ తీసుకోమని గట్టిగా కోరండి. పిటిషన్ తిరస్కరణకు గురైతే పని వెంటనే ఆపాలి. ఆ సంగతి 15 రోజుల్లో తెలియడం వేరు, 4 నెలల తర్వాత తెలియడం వేరు.

పిటిషన్ 60 రోజులు దాటి చేరితే? అసాధారణ కారణాలుంటే ఆలస్యాన్ని మన్నించే విచక్షణ అధికారులకు ఉంది, కానీ దాని మీద కుటుంబాన్ని నిలబెట్టలేం. ఎక్కువగా జరిగేది ఏమిటంటే, పిటిషన్ ఆమోదిస్తారు, దేశంలోనే ఉండి కొనసాగే అనుమతిని మాత్రం నిరాకరిస్తారు. అప్పుడు బయటకు వెళ్లి తిరిగి రావాలి. అలాంటి కేసులో లక్ష డాలర్ల రుసుము కూడా మీద పడవచ్చు. ఒక్క రోజు ఆలస్యానికి ఇంత విలువ ఉంది కాబట్టే 40వ రోజు గురించి అంతగా చెప్పాను.

40వ రోజు దాటింది, ఆఫర్ లేదు

ఉద్యోగ వేట ఆపకుండానే హోదా మార్పు దరఖాస్తు సిద్ధం చేయాల్సిన సమయం ఇది. 60వ రోజులోగా ఐ-539 దరఖాస్తు అందితే, నిర్ణయం వచ్చేవరకు దేశంలో ఉండవచ్చు. పని చేయడానికి మాత్రం వీల్లేదు.

భార్యకో భర్తకో సొంత హెచ్‌-1బీ ఉంటే, వారి కుటుంబానికి ఇచ్చే హెచ్‌-4 హోదాకు మారడం అన్నిటికన్నా సురక్షితం. హెచ్‌-4లో గడిపిన కాలం మీ ఆరేళ్ల లెక్కలోంచి పోదు. జీవిత భాగస్వామికి ఐ-140 ఆమోదం ఉంటే హెచ్‌-4 పని అనుమతికీ అర్హత ఉంటుంది. ఆ అనుమతి పునరుద్ధరణకు 2025 అక్టోబరు 30 నుంచి దరఖాస్తు చేసేవారికి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు కాబట్టి తేదీలు చూసుకోండి.

ఇంట్లో మరో హెచ్‌-1బీ లేకపోతే చాలామంది ఎంచుకునేది బీ-2 సందర్శక హోదా. బీ-2 మీద ఉండగా ఉద్యోగం వెతుక్కోవచ్చని, ఇంటర్వ్యూలకు వెళ్లవచ్చని యూఎస్‌సీఐఎస్ 2023లో స్పష్టం చేసింది. ఎందుకు ఉండాలనుకుంటున్నారో, ఎప్పటివరకో, ఖర్చులకు డబ్బు ఎలాగో నిజాయతీగా రాయాలి. అద్దె ఒప్పందం ముగించడం, పిల్లల విద్యా సంవత్సరం పూర్తి కావడం సరైన కారణాలే. ఒక ముఖ్యమైన తేడా గమనించండి: బీ-2 దరఖాస్తు వేసి గ్రేస్ పీరియడ్ దాటాక ఆఫర్ వస్తే, పిటిషన్ పెట్టగానే చేరే సౌకర్యం ఉండదు. హోదా మార్పుకు ఆమోదం వచ్చాకే పని మొదలవ్వాలి. దరఖాస్తు పెండింగులో ఉండగా దేశం దాటితే అది రద్దయినట్టే. అన్నీ తిరస్కరణకు గురై, హోదా లేకుండా మిగిలిపోతే బహిష్కరణ విచారణ నోటీసు ఇచ్చే విధానాన్ని 2025 ఫిబ్రవరి నుంచి ప్రభుత్వం కఠినం చేసింది. కాబట్టి బీ-2 దరఖాస్తు వేసి మరిచిపోకూడదు.

విద్యార్థి హోదా ఎఫ్‌-1కి మారి మళ్లీ చదువుకోవడం మూడో దారి. నిజంగా చదవాలనుకుంటేనే. మొదటి రోజు నుంచే పని అనుమతి ఇస్తామని ఆకర్షించే కాలేజీల విషయంలో జాగ్రత్తగా ఉండమని చెప్పక తప్పదు. వాటిలో గడిపిన కాలాన్ని తర్వాత వీసా అధికారులు గుచ్చి గుచ్చి అడుగుతారు. ఇప్పటికే ఎఫ్‌-1 ఓపీటీలో (విద్యార్థులకు చదివిన రంగంలో ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) ఉండి ఉద్యోగం పోయినవారి లెక్క వేరు. వారికి మొత్తం 90 రోజుల నిరుద్యోగం అనుమతిస్తారు, సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవారికి ఇచ్చే స్టెమ్ పొడిగింపు ఉంటే 150. మధ్యలో ఖాళీగా ఉన్న ప్రతి రోజూ కూడికలోకి వస్తుంది.

కన్సల్టెన్సీ వల

50వ రోజు దగ్గర పడుతుండగా ఒక ఫోను వస్తుంది. ‘మా పేరోల్ మీద పెట్టేస్తాం, ప్రాజెక్టు తర్వాత చూసుకుందాం. మీ జీతం డబ్బు మీరే మాకు పంపండి, మేం పన్ను కోసి మీకు వేస్తాం’ అంటారు. పిటిషన్ ఖర్చులు మీవే అంటారు. మాట్లాడేది మన భాషే, మన జిల్లానే. అయినా వద్దు. పని లేకుండా కాగితం మీద ఉద్యోగం చూపడం మోసం. మోసం అని ఒకసారి నమోదైతే మొత్తం వలస చరిత్రకు మచ్చ. హెచ్‌-1బీ పిటిషన్ రుసుములు, లాయరు ఖర్చులు యజమాని భరించాల్సినవి. బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, ఉంచినా జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వని యజమాని మీద కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్‌-4 ఫారంతో 12 నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు.

రెజ్యూమేలో లేని అనుభవం చేర్చడం, ఇంటర్వ్యూలో తెర వెనక మరొకరిని కూర్చోబెట్టడం కూడా ఇదే కోవ. ఇలాంటివి చేసి పట్టుబడిన ప్రతి ఒక్కరి వల్లా తర్వాత వచ్చే వంద మంది నిజాయతీపరుల రెజ్యూమేలను అనుమానంగా చూస్తారు. దాని నష్టం మనందరిదీ.

గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారికి

ఐ-140 ఆమోదం పొంది ఉంటే, గ్రీన్‌కార్డు వరుసలో మీ స్థానాన్ని నిర్ణయించే ప్రయారిటీ డేట్ మీదే. మోసం వంటి కారణాలతో రద్దయితే తప్ప, కంపెనీ మారినా, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ తేదీ నిలుస్తుంది. ఆమోదం వచ్చి 180 రోజులు దాటాక కంపెనీ వెనక్కి తీసుకున్నా ఐ-140 చెల్లుబాటులోనే ఉంటుంది. దాని ఆధారంగా కొత్త కంపెనీ ఆరేళ్లు దాటాక కూడా మూడేళ్ల పొడిగింపు అడగవచ్చు. పెర్మ్, ఐ-140 మాత్రం కొత్త కంపెనీ మళ్లీ మొదటి నుంచి వేయాలి.

గ్రీన్‌కార్డుకు చివరి దరఖాస్తు ఐ-485 వేసి 180 రోజులు దాటినవారు అదే లేదా అలాంటి వృత్తిలోని ఉద్యోగానికి సప్లిమెంట్ జె అనే ఫారం ద్వారా మారవచ్చు. వారి దరఖాస్తు పోదు, పని అనుమతి కార్డు ఉంటే హెచ్‌-1బీ లేకుండానే పనిచేయవచ్చు. ఐ-140 ఆమోదమైనా తేదీ రాక ఆగిపోయినవారికి ‘తీవ్ర పరిస్థితుల’ కింద ఏడాది పని అనుమతి ఇచ్చే నిబంధన ఉంది. ఉద్యోగం పోవడం ఒక్కటే కారణమైతే సాధారణంగా సరిపోదు. తీవ్రమైన అనారోగ్యం వంటి పరిస్థితి తోడైనప్పుడు లాయరును అడగండి. దాన్ని వాడుకుంటే హెచ్‌-1బీ హోదాలోంచి బయటికి వచ్చినట్టే.

మందగమనంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఆరు నెలల్లోగా అదే ప్రాంతంలో అదే వృత్తిలో ఉద్యోగులను తొలగించిన కంపెనీ పెర్మ్ వేయాలంటే, తొలగించిన అమెరికన్ ఉద్యోగులకు ముందు సమాచారం ఇచ్చి వారిని పరిశీలించాలి. అందుకే కోతలు పెట్టిన సంస్థలు పెర్మ్‌ను నెలల తరబడి ఆపేస్తాయి. కొత్త ఆఫర్ తీసుకునేటప్పుడు గ్రీన్‌కార్డు ఎప్పుడు మొదలుపెడతారని అడగడంతోపాటు, గత ఆరు నెలల్లో మీ విభాగంలో కోతలు జరిగాయా అనీ అడగండి.

డబ్బు, ఆరోగ్య బీమా

కోబ్రా అనే చట్టం ద్వారా కంపెనీ ఇచ్చిన పాత బీమాను కొనసాగించే హక్కు 20 మందికి పైగా ఉద్యోగులున్న సంస్థల వారికి ఉంటుంది. ప్రీమియం మొత్తం మీరే కట్టాలి, అది భారీగా ఉంటుంది. నిర్ణయించుకోవడానికి 60 రోజులు ఇస్తారు, ఎంచుకుంటే బీమా ఆగిన తేదీ నుంచే వర్తిస్తుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవారు కొన్ని వారాలు ఆగి, అవసరం పడితేనే ఎంచుకోవచ్చు. ఇంట్లో గర్భిణి ఉన్నా, క్రమం తప్పని మందులు వాడేవారున్నా ఆగకండి.

401కె, అంటే పదవీ విరమణ పొదుపు ఖాతా, డబ్బు ముట్టుకోకండి. 59 ఏళ్ల 6 నెలలు నిండకముందు తీస్తే పన్నుతోపాటు సాధారణంగా 10 శాతం జరిమానా. నిరుద్యోగ భృతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పని చేసే అనుమతితో అందుబాటులో ఉండాలన్న షరతు దగ్గరే గ్రేస్ పీరియడ్‌లో ఉన్నవారి దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోతాయి.

బయలుదేరాల్సి వస్తే

గడువులోగా వెళ్లిపోవడం ఓటమి కాదు. గడువు దాటి ఉండిపోవడమే ప్రమాదం. అనధికారంగా 180 రోజులు దాటి ఉండి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు.

వెళ్లేముందు మాత్రం ఒకటి తెలుసుకోండి. 2025 సెప్టెంబరు 21 నుంచి, దేశం బయట ఉండి చెల్లుబాటు అయ్యే హెచ్‌-1బీ వీసా లేనివారి కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము వర్తించేలా 12 నెలల గడువుతో అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. కాబట్టి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు మిగిలి ఉందా అన్నది ఇప్పుడు పెద్ద విషయం. గ్రేస్ పీరియడ్ మధ్యలో ‘ఒకసారి ఇంటికి వెళ్లి వద్దాం’ అని బయలుదేరకండి. పాత కంపెనీ పేరుతో తిరిగి ప్రవేశించలేరు, మిగిలిన రోజులు పోతాయి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాల పరిశీలన మొదలయ్యాక భారత్‌లోని కాన్సులేట్లలో అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి వెళ్లాయి.

ఇండియాలో పనిచేసినా ప్రయారిటీ డేట్ ఎక్కడికీ పోదు. గ్రీన్‌కార్డు భవిష్యత్ ఉద్యోగం కోసం ఇచ్చేది కాబట్టి, కంపెనీ కోరుకుంటే మీరు హైదరాబాద్‌లో ఉన్నా ప్రక్రియ నడపవచ్చు. బహుళజాతి సంస్థ ఇండియా కార్యాలయంలో కనీసం ఏడాది పనిచేసినవారు మేనేజరుగానో, ప్రత్యేక నైపుణ్యం ఉన్న ఉద్యోగిగానో ఎల్‌-1 మీద తిరిగి వచ్చే దారీ ఉంది. దానికి లాటరీ లేదు. బయలుదేరేముందు 401కె ఖాతాకు ఇండియా చిరునామా ఇవ్వండి, ఒక బ్యాంకు ఖాతా తెరిచి ఉంచండి, పిల్లల టీకాల రికార్డులు, బడి బదిలీ పత్రాలు తీసుకోండి. విమానం ఎక్కిన రుజువుగా బోర్డింగ్ పాస్ దాచుకోండి.

కొత్త ఉద్యోగంలో మొదటి నెల

ఆమోదం వచ్చాక ఐ-797 అసలు ప్రతి అడిగి తీసుకోండి. దాని కింది భాగంలో కొత్త ఐ-94 ఉందో లేదో చూడండి. లేకపోతే దేశంలో ఉండే అనుమతి పొడిగించలేదని అర్థం, అదే రోజు లాయరుకు ఫోను చేయాలి. ఉంటే, దాని మీది తేదీ, పేరు స్పెల్లింగు పాస్‌పోర్టుతో సరిపోల్చండి. భార్య లేదా భర్త, పిల్లల హెచ్‌-4 పొడిగింపులు విడిగా వేయాలి, అవి మీ పిటిషన్‌తో వాటంతటవే జరగవు. డ్రైవింగ్ లైసెన్సు గడువు పాత ఐ-94తో ముడిపడి ఉంటుంది కాబట్టి దాన్నీ మార్పించుకోండి. ఆ తర్వాత మొదటి జీతం స్లిప్పు వచ్చిన రోజు, రెండో అడుగులో చెప్పిన ఫోల్డరు తెరిచి అందులో దాచండి.